పోడు వాలులో చెట్లూ పంటలూ కలిపి వేయడం: 3 ఎకరాలకు ఐదేళ్ల లెక్క

చోడిచేను
మాది పాడేరు వైపు జి.మాడుగుల మండలం, సముద్రమట్టానికి 950 మీటర్ల ఎత్తు, 3 ఎకరాల అటవీ హక్కు పట్టా, తూర్పు వాలు. పై ఎకరం బాగా నిటారు. మధ్య ఎకరంన్నర ఓ మోస్తరు వాలు. గెడ్డ (వాగు) పక్కన అర ఎకరం దాదాపు చదును. ఇంతవరకూ చోళ్లు (రాగులు), సామలు, వలిసె నూనెగింజలే వేశాం. పై ఎకరంలో మట్టి పోయి గరప (గులకరాళ్ల నేల) తేలింది, మొలక వస్తోంది గానీ గింజ కట్టడం లేదు. అక్కడక్కడా నరికిన చెట్ల పాత మోళ్లున్నాయి. కాఫీ వెయ్యాలని ఉంది గానీ నీడ లేదు. చెట్లు ముందు పెట్టాలా, పంటతో పాటే పెట్టాలా? ఎడం ఎంత? నీడ వచ్చేదాకా తిండి గింజలకు ఏ పంట? పై ఎకరాన్ని పూర్తిగా వదిలెయ్యాలా? ఇప్పుడు జూన్ మొదటి వారం, ఈ ఏడాదే ఏదైనా మొదలుపెట్టొచ్చా?

నీడతోట
నర్సరీకి పరుగెత్తకండి. ముందు సున్నం డబ్బా పట్టుకుని పై ఎకరమంతా తిరిగి, బతికున్న ప్రతి మోడుకూ గుర్తు పెట్టండి. మద్ది, ఇప్ప, తునికి, వేగిస, నేరేడు, వీటిని ఎన్నిసార్లు నరికినా పిలకలు వేస్తాయి. పైన పొదలా కనిపించేది నిజానికి ముదురు వేరున్న చెట్టు. ఏటా కొట్టేస్తుండటంతో, కాల్చేస్తుండటంతో లేవలేకపోతోంది, అంతే. కొత్తగా నాటిన మొక్క వేసవిని తట్టుకునే వేరు దించుకోవడానికే రెండేళ్లు తీసుకుంటుంది. మోడుకు ఆ బెడద లేదు.

ఒక్కో మోడుకు నేలకు ఆనుకుని పుట్టిన రెండు బలమైన పిలకలు ఉంచండి. మోడు పైఅంచున పుట్టినవి ఎంత లావుగా ఉన్నా తీసేయాలి, అక్కడ అతుకు గట్టిగా ఉండదు, గాలికి చీలిపోతుంది. మరుసటి ఏడాది ఆ రెంటిలో ఒకటే మిగలాలి. పిలకల కోత జనవరి, ఫిబ్రవరుల్లో. ఇప్పుడు గుర్తులు పెట్టుకుంటే చాలు.

ఆ ఎకరంలో దున్నకం, నిప్పు, పశువులు మూడేళ్లు బంద్. చుట్టూ 4 మీటర్లలో మోడు లేని చోట మాత్రమే కొత్త మొక్క పెట్టండి. ఆదాయం అసలే లేకపోతే ఇంట్లో ఒప్పుకోరు కాబట్టి ఖాళీల్లో కొండచీపురు దుంపలు 1.5 మీటర్ల ఎడంతో నాటండి. రెండో ఏడాది నుంచి చీపురు కోతకు వస్తుంది, దాని వేరు గరపను కూడా పట్టి ఉంచుతుంది. విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ మాత్రం లేత పిలకల మీదికి ఎక్కకుండా చూసుకోండి. ఆకులకు మంచి ధర ఉన్న మాట నిజమే గానీ ఆ తీగ చిన్న చెట్టును వంచేస్తుంది. ముదురు చెట్టు మీదైతే ఫర్వాలేదు.

గెడ్డవాలు
నీడతోట గారు చెప్పింది చెట్ల సంగతి. మట్టి ఆగకపోతే ఏ చెట్టూ నిలవదు. ఈ నెలలోనే చేయగలిగిన పని సమమట్టపు గీతలు వేయడం.

2 మీటర్ల కర్రలు రెండు తీసుకుని పై కొసలు కలిపి కట్టండి. కాళ్ల మధ్య ఎడం 2 మీటర్లు. నడుం ఎత్తులో అడ్డకర్ర. పైకొస నుంచి దారానికి రాయి వేలాడదీయండి. వాడే ముందు సరిచూసుకోవాలి: ఎక్కడైనా నిలబెట్టి, కాళ్లున్న చోట్ల మేకులు కొట్టి, దారం అడ్డకర్రను తాకిన చోట గీత పెట్టండి. తర్వాత కాళ్లు తారుమారు చేసి అవే మేకుల దగ్గర నిలబెట్టి రెండో గీత పెట్టండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యన ఉన్నదే అసలు మట్టం. ఈ సరిచూపు ఎగ్గొట్టి గీతలు వేస్తే కందకం ఒక కొసకు వాలుతుంది, నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెగుతుంది. కొండవాలు కందకాలు తెగడానికి నాకు ఎక్కువగా కనిపించే కారణం ఇదే.

వాలు ఎంతో కూడా ఈ కర్రలతోనే తెలుస్తుంది. 2 మీటర్ల అడ్డానికి 40 సెంటీమీటర్ల దిగువ ఉంటే 20 శాతం. నిలువున 1.5 మీటర్లు దిగిన ప్రతిచోటా ఒక గీత వేయండి. 20 శాతం వాలులో అది అడ్డంగా 7.5 మీటర్లకు ఒకటి పడుతుంది. మధ్య ఎకరంన్నరలో ఆ గీతల మీద 3 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు కందకాలు తవ్వండి. రెండు కందకాల మధ్య 2 మీటర్లు వదలండి. కింది వరుస కందకం పై వరుస ఖాళీకి ఎదురుగా రావాలి. తవ్విన మట్టి దిగువ వైపు పోయాలి, కందకం అంచు నుంచి ఓ అడుగు వదిలి. అంచునే పోస్తే మొదటి వానకే మట్టి తిరిగి కందకంలోకి జారుతుంది.

చోడిచేను
పై ఎకరంలో కూడా ఇవే కొలతలా? అక్కడ 2 మీటర్లకు 70 సెం.మీ. దాకా దిగుతోంది.

గెడ్డవాలు
అంటే 35 శాతం. అక్కడ కందకాలు వద్దు. గరప కింద రాతిపొర ఉంటే కందకంలో ఇంకిన నీళ్లు ఆ పొర మీదుగా జారి మట్టిని మొత్తంగా లాక్కుపోతాయి. రాళ్లు ఎలాగూ ఉన్నాయి కదా, సమమట్టంలో ఒకటిన్నర అడుగుల ఎత్తు రాతికట్లు పేర్చండి. పునాది రాయి సగం నేలలో దిగాలి. కట్టుకు ఎగువన చేరిన మట్టిలోనే కొండచీపురు పెట్టండి.

మధ్య భాగంలో కందకపు గట్ల మీద గిరిపుష్పం (గ్లైరిసిడియా, పచ్చిరొట్ట చెట్టు) వేయండి, కొమ్మ కాదు, విత్తనమే. కొమ్మ త్వరగా పచ్చబడుతుంది గానీ దాని వేర్లు పైపైనే ఉంటాయి. గింజ మొక్కకు తల్లివేరు దిగుతుంది. రెండో ఏడాది నుంచి మీటరు ఎత్తులో నరికి ఆ రొట్టను మొక్కల పాదుల్లో వేసుకోవచ్చు.

నర్సరీపాదు
విత్తనం సంగతి చెప్తాను, ఈ జూన్ జూలైలు పోతే మళ్లీ ఏడాది దాకా దొరకనివి ఉన్నాయి.

నేరేడు, ఇప్ప, పనస గింజలు ఎండితే చచ్చిపోతాయి. పండు తిని గింజ ఎండబెట్టి దాచి పెట్టేవాళ్లే ఎక్కువ, తర్వాత మొలవలేదని వాపోతారు. నేరేడును గుజ్జు కడిగి పది పదిహేను రోజుల్లోపు పెట్టేయాలి. ఇప్ప, పనస ఇంకా త్వరగా. ఈ మూడూ తల్లివేరును వేగంగా దించుతాయి కాబట్టి 6×9 అంగుళాల సంచి చాలదు, 8×12 వాడండి. ఉసిరి కాయలను ఎండలో పెడితే పెంకు పగిలి గింజలు బయటపడతాయి, నీళ్లలో తేలినవి పారేయండి. కరక్కాయ, తాని పెంకు గట్టిది. ఒక కొస కొద్దిగా చెక్కి 48 గంటలు నానబెట్టినా మొలకలు విడతలు విడతలుగానే వస్తాయి, ఓపిక కావాలి.

కాఫీకి డిసెంబరు, జనవరుల్లో మడిలో గింజ పెట్టి, ఫిబ్రవరి, మార్చిలో సంచుల్లోకి మార్చుకుంటారు. సంచి మట్టి పాళ్లు: అడవి మట్టి 6, చివికిన పశువుల ఎరువు 2, ఇసుక 1. చివకని పేడ కలిస్తే చెదలూ వేరుపురుగూ రెండూ వస్తాయి.

బయట కొనేటప్పుడు పొడవు చూసి మోసపోకండి. మూడడుగుల సన్నని మొక్క కన్నా అడుగున్నర లావు కాండం మొక్క మేలు. పదింటికి ఒకటి చొప్పున సంచి అడుగు కోసి చూడండి. వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ సరుకే వద్దనండి. అలాంటి మొక్క రెండేళ్లు బాగానే ఉంటుంది, మూడో ఏట గాలికి మొదలంటా ఒరుగుతుంది. మీ దగ్గరున్న సంచులను మూడు వారాలకోసారి జరపండి, లేకపోతే వేరు నేలలోకి దిగి, నాటే రోజున తెగుతుంది.

నీడతోట
ఇక ఎడం. మధ్య ఎకరంన్నర అంటే దాదాపు 6,070 చదరపు మీటర్లు. కాఫీ 2×2 మీటర్లకు 1,500 మొక్కలు. నీడకు సిల్వర్ ఓక్ 4×4 మీటర్లకు 380. కాఫీ ఇప్పుడే కాదు, నీడచెట్టు పెట్టిన రెండేళ్లకు. ఎండలో పెట్టిన అరబికా రకం కాఫీ మొదటి కాపు విరగకాసి తర్వాత కొమ్మ ఎండు తగిలి పోతుంది. కాండం తొలిచే తెల్లపురుగు కూడా ఎండ పడే కాండాన్నే వెతుక్కుని గుడ్లు పెడుతుంది.

ఆ రెండేళ్లే మీ తిండి గింజల కాలం.

మొదటి ఏడు: చోళ్లు 8 వరుసలకు కంది 2 వరుసలు, సమమట్టంలోనే. నీడమొక్క చుట్టూ 60 సెం.మీ. ఏమీ వేయకూడదు. కంది వరుస మొక్కకు మీటరు దూరంలో. దగ్గరైతే అక్టోబరుకే కంది మొక్క మీదికి ఒరిగి, వానలు ఆగాక తేమ కోసం పోటీ పడుతుంది. కంది కోసేటప్పుడు పీకొద్దు, మొదలు వదిలి కోయండి, వేరు నేలలోనే చివకాలి.

రెండో ఏడు: ముందు సామలు, తర్వాత రాజ్మా లేదా వలిసెలు. రెండో ఏడాది చివర్న వచ్చే జూన్‌లో కాఫీ. దానికి ఎగువన కంది ఒక వరుస ఉంచితే లేత కాఫీకి తాత్కాలిక నీడ అవుతుంది.

మూడు, నాలుగు: పసుపు, అదీ కందకాల మధ్య పట్టీల్లోనే. నాలుగో ఏడు తర్వాత కాఫీ వేర్ల మధ్య పార పెట్టకూడదు.

అల్లం వాలులో వద్దే వద్దు. తవ్వి తీసిన నేల గుల్లగా ఉండిపోతుంది, ఏప్రిల్, మే గాలివానలకు ఆ పొరంతా గెడ్డలో కలుస్తుంది. నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు ఎలాగూ ఉంది. దిగువ అర ఎకరంలో ఎత్తు మళ్ల మీద వేసుకోండి. మొక్కజొన్న కూడా మానుకోండి, నేలలో బలమంతా అదే తినేస్తుంది.

మిరియంతీగ
380 సిల్వర్ ఓక్ అన్న చోట నాకు అభ్యంతరం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు అరకు, పాడేరు తోటల్లో ఏం విరిగాయో గుర్తు చేసుకోండి. సిల్వర్ ఓకే. చెట్టు పెళుసు, తల బరువంతా పైనే, రాతి నేలలో వేరు లోతుకు దిగదు. ఒకే జాతి, ఒకే వయసు, ఒకే ఎత్తు కావడంతో ఎక్కడికక్కడ వరుసలుగా పడ్డాయి. కింద కాఫీ మీద చెట్టు పడిన నష్టం ఒకటి, బతికిన కాఫీకి నీడ లేకుండా పోయిన నష్టం ఇంకొకటి. పైగా అడవిని తిరిగి తెస్తున్నామని ఆస్ట్రేలియా చెట్టు ఒక్కటే నాటడం ఏమిటండీ!

నీడతోట
మిరియంతీగ గారూ, అభ్యంతరం సబబే. కానీ రెండేళ్లలో నీడనిచ్చే నాటు చెట్టు పేరు చెప్పండి. నేరేడు, పనస ఆ లోపు నడుం ఎత్తు దాటవు. సిల్వర్ ఓక్ వేస్తే కాఫీ మూడో ఏట పెట్టొచ్చు, మిరియానికి నిటారు ఆధారం దొరుకుతుంది. మానేస్తే రైతు ఇంకో మూడేళ్లు ఆగాలి, అన్నాళ్లు ఎవరు ఆగుతారు?

మిరియంతీగ
పూర్తిగా మానెయ్యమనలేదు. 380లో 60 చోట్ల, అంటే సుమారు 10 మీటర్లకు ఒకటి చొప్పున, పనస, నేరేడు, మామిడి, వేగిస, కరక్కాయ పెట్టండి. సిల్వర్ ఓక్ 320 అవుతుంది. నాటు చెట్లు పైకి వచ్చేకొద్దీ ఏడో ఎనిమిదో ఏట నుంచి సిల్వర్ ఓక్‌ను ఒకటి విడిచి ఒకటి తీసేస్తూ రండి. మిగిలిన వాటిని 25, 30 అడుగుల దగ్గర తల నరికి ఆపండి. గాలి పట్టు తగ్గుతుంది, మిరియం కోతకు నిచ్చెనా అందుతుంది. గాలి ఎక్కువ తగిలే తూర్పు అంచున రెండు వరుసలు నాటు చెట్లే ఉండాలి, అక్కడ వెదురు కూడా బాగా నిలుస్తుంది.

మిరియం తీగ ఎప్పుడు పెట్టాలో కూడా చెప్పేస్తాను, అడుగుతారు కాబట్టి. నాలుగైదేళ్ల చెట్టుకు, ఉత్తరం లేదా ఈశాన్యం వైపు, మొదలుకు ఓ అడుగు దూరంలో గుంట తీసి వేరు పోసిన ముక్కలు రెండు. దక్షిణం, పడమర వైపు పెడితే వేసవి ఎండకు లేత తీగ మాడుతుంది. వానలకు ముందు మొదలు దగ్గర నీరు నిలవకుండా చూసుకోండి, తీగను చంపేది మొదలుకుళ్లే. ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) మొదటి వానలకు ఒకసారి, ఆగస్టు ప్రాంతంలో మరోసారి.

నీడతోట
60 లెక్కకు నేను ఒప్పుకుంటున్నాను. తూర్పు అంచు మాట నాకు తట్టలేదు.

గోదారిగట్టు
మాది ఏటూరునాగారం వైపు. పోడు పట్టాల్లో ఇక్కడంతా పత్తే. ఈ పద్ధతి మాకు పనికొస్తుందా?

నీడతోట
కాఫీ పనికిరాదు. అంత తక్కువ ఎత్తులో, ఆ ఎండలకు అరబికా నిలవదు, ప్రయత్నమే వద్దు. వరస మాత్రం అదే: మోళ్లు కాపాడటం, గీతలు వేయడం, చెట్టు ఎదిగేదాకా పంట. చెట్లుగా జీడిమామిడి అంట్లు 7 లేదా 8 మీటర్లకు ఒకటి, పొలం అంచున ఇప్ప, ఉసిరి, రాతినేల ఉన్న చోట సీతాఫలం, వాగు ఒడ్డున వెదురు. మధ్యలో కంది, పెసర, నువ్వులు.

పత్తి మధ్య మొక్కలు నాటితే వాటిని చంపేది కలుపు మందు. గాలికి ఎగిరిన తుంపర చాలు, లేత ఆకు ముడుచుకుని మొక్క గిడసబారిపోతుంది, జనం దాన్ని తెగులనుకుంటారు. పత్తి మానలేకపోతే చెట్ల వరుసకు రెండు వైపులా 2 మీటర్లు కంది పట్టీ వదిలి, ఆ పట్టీల్లో చేత్తోనే కలుపు తీయించండి. అంటు జీడికి మొదటి రెండేళ్లు పూత తుంచేయాలి. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లు కనిపించినప్పుడల్లా గిల్లేయాలి, లేకపోతే కొన్నాళ్లకు మీ చేతిలో మిగిలేది నాటు జీడే.

హక్కుపత్రం
అందరూ గుంటల గురించే మాట్లాడుతున్నారు. చెట్టు ఎవరిదో తేల్చుకోకుండా నాటితే ఏమవుతుందో చరిత్రలో ఉంది.

పంటా చెట్టూ కలిపి అడవి పెంచే ఈ పద్ధతికి 'టాంగ్యా' అనే పేరు బర్మా నుంచి వచ్చింది. 1856లో బర్మాలోని పెగూకు వచ్చిన బ్రాండిస్ అనే జర్మన్ అటవీ అధికారి హయాంలో, కొండ సేద్యం చేసే కరెన్ తెగ రైతుల చేత వాళ్ల వరి చేలల్లోనే టేకు నాటించారు. టేకు ఎదిగాక రైతు ఇంకో చోటికి వెళ్లిపోవాలి, కలప సర్కారుది. ఇదే పద్ధతి ఘనాలో పెడితే, చెట్టు ఎదిగితే తమ పంట భూమి పోతుందని రైతులు మొక్కల ఆలనా పాలనా వదిలేశారు, చంపిన వాళ్లూ ఉన్నారు. 1984లో అక్కడ ఆపేశారు. 2002లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు కలప రాబడిలో రైతుకు 40 శాతం, అటవీ కమిషన్‌కు 40, భూమి యజమానులకు 15, ఊరికి 5 అని వాటాలు ముందే రాశారు.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా వారసత్వంగా వస్తుంది, అమ్మడానికి లేదు. భార్యాభర్తలుంటే ఇద్దరి పేర్లూ ఉండాలి, ముందు అది చూసుకోండి. చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. అందులో వెదురు ఉంది, కలప లేదు. ఆంధ్రాలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా అవసరం. కాబట్టి నాటిన ఏడాదే జాతి, సంఖ్య, ఏ హద్దులో నాటారో రాసి గ్రామసభ తీర్మానంలో ఎక్కించి నకలు తీసుకోండి. పదిహేనేళ్ల తర్వాత ఆ సిల్వర్ ఓక్ మీరు నాటిందేనని ఎవరికైనా చూపించాలంటే ఆ కాగితమే దిక్కు. పాత మోళ్ల నుంచి లేచిన చెట్లను ఆ జాబితాలో కలపకండి. అవి నాటినవి కావు, కలిపితే జాబితా మొత్తానికే విలువ పోతుంది.

చోడిచేను
గ్రామసభ సంగతి ఎవరూ చెప్పలేదు, థాంక్సండి. ఇంకో ప్రశ్న. పక్క చేల వాళ్లు ఏటా పోడు కాలుస్తారు, మేకలు కూడా ఎక్కువ. నాటినవాటిలో నూటికి ఎన్ని పోతాయని లెక్క వేసుకోవాలి?

గెడ్డవాలు
15 నుంచి 20 శాతం అదనంగా నర్సరీలో ఉంచుకోండి. నాటిన వానాకాలంలో పోయేవి కొన్నే. అసలు చావు మొదటి రెండు వేసవుల్లో. డిసెంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి లెక్కపెట్టండి. జూన్ లెక్క ప్రకారం జూలైలో తిరిగి నాటాలి. మూడో ఏడు తర్వాత ఖాళీలో పెట్టిన మొక్క పెద్దవాటి నీడలో ఎదగదు, అప్పుడిక ఆ చోట నీడకు తట్టుకునే పనసే పెట్టండి.

అక్టోబరు, నవంబరులో చివరి కలుపు తీసి, ఆ కలుపునే 4 అంగుళాల మందాన పాదులో పరచండి, కాండానికి రెండంగుళాలు ఎడంగా. ఆనిస్తే చెదలు కాండమెక్కుతాయి. దిగువ వైపు అర్ధచంద్రాకారపు గట్టు ఉంటే చలికాలపు జల్లులు కూడా అక్కడే ఇంకుతాయి.

నిప్పుకు: జనవరి ఆఖరుకల్లా చుట్టూ 10 అడుగుల వెడల్పు పట్టీలో గడ్డి, ఆకు అంతా చెక్కి లోపలికి లాగండి. ఎగువ నుంచి వచ్చే మంట కన్నా దిగువ నుంచి పైకి ఎక్కే మంట వేగంగా వస్తుంది. కాబట్టి గెడ్డ వైపు పట్టీ ఇంకా వెడల్పు ఉండాలి. పక్క చేలవాళ్లు కాల్చే రోజు ముందే తెలుసుకుని, సాయంత్రం గాలి తగ్గాక కాల్చమని అడగండి, అడిగితే వినేవాళ్లే ఎక్కువ.

మేకలకు ముళ్లకంపతో ప్రతి మొక్కకూ తడక కట్టడం 380 మొక్కలకు అయ్యే పని కాదు. హద్దు వెంట గచ్చపొద, కిత్తనార రెండు వరుసలు ఇప్పుడే వేయండి. అవి దట్టం కావడానికి రెండేళ్లు పడుతుంది, ఆ రెండేళ్లు ఊరివాళ్లతో కాపలా ఒప్పందం తప్ప దారి లేదు.

మిరియంతీగ
కాఫీ పెట్టాక తెల్లపురుగు సంగతి మర్చిపోకండి. పెద్దపురుగు ఎగిరేది ఏప్రిల్, మేలలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి. అంతకు ముందే, అంటే మార్చిలోపు, సెప్టెంబరులోపు, కాండం మీద ఉబ్బెత్తు గీతలున్న మొక్కలను వెతికి పీకి కాల్చేయాలి. నరికి గట్టున పడేస్తే అందులోంచే పురుగు బయటికి వస్తుంది. మిగతావాటికి వదులు బెరడు గోనెపట్టాతో రుద్ది, 200 లీటర్ల నీటికి 20 కిలోల సున్నం, అంటుకోవడానికి 100 మి.లీ. జిగురు కలిపి కాండానికి పూయండి. వీటన్నిటికన్నా ముందు నీడ సరిగా ఉండాలి. కాఫీ కాయతొలుచు పురుగు 2025లో అరకు వైపు కనిపించింది కాబట్టి కోత తర్వాత చెట్టు మీదా నేల మీదా ఒక్క కాయ మిగలకుండా ఏరండి. పురుగు పట్టిన కాయలను మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచాకే పారేయాలి. పక్క ఊరి గోనెసంచులు తెచ్చుకోవద్దు.

చోడిచేను
అయితే ఈ ఏడాది ఇలా అనుకుంటున్నా: పై ఎకరంలో మోళ్లకు గుర్తులు, రాతికట్లు, చీపురు దుంపలు. మధ్యలో గీతలు, కందకాలు, చోళ్లు-కంది, జూలైలో 320 సిల్వర్ ఓక్. గుంటలు ఇప్పుడే ఒకటిన్నర అడుగు లోతు తీస్తే సరిపోతుందా, ఏప్రిల్‌లో తీసి ఎండబెట్టలేదు కదా? 60 నాటు చెట్లు వచ్చే ఏడాది. దిగువ అర ఎకరంలో పసుపు.

నీడతోట
గుంట ఎండలేదని ఏడాది పోగొట్టుకోవద్దు. ఒకటిన్నర అడుగు చదరం, అంతే లోతు తీసి, పైమట్టి వేరుగా, అడుగుమట్టి వేరుగా పోయండి. నింపేటప్పుడు పైమట్టి కిందికి, దానిలో 5 కిలోల చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి. యూరియా, డీఏపీ గుంటలో వేయకండి, లేతవేరు కాలుతుంది. రెండు మంచి వానలు పడి గుంట కుంగాక, కుంగినంత మేర మట్టి మళ్లీ పోసి అప్పుడు నాటండి. ఆగస్టు 15 దాటితే ఆపేయండి. పసుపు ఈ నెల దాటనివ్వొద్దు.

నర్సరీపాదు
60 నాటు చెట్లకు వచ్చే ఏడాది దాకా ఎందుకు ఆగడం? వేగిస, కరక్కాయ సంచి మొక్కలే వచ్చే జూన్‌లో పెట్టండి. పనస, నేరేడు గింజలు మాత్రం ఈ నెలలోనే నేరుగా ఆ చోట్లలో పెట్టెయ్యండి. తల్లివేరు తెగని మొక్క వాలులో బాగా నిలుస్తుంది. ఒక్కో చోట మూడేసి గింజలు, అంగుళంన్నర లోతు, పనస గింజ పడుకోబెట్టి. ఎలుకలు, ముళ్లపందులు తవ్వుతాయి కాబట్టి పైన ముళ్లకంప కప్పి రాయి పెట్టండి. సంక్రాంతికల్లా బలంగా ఉన్న ఒక్కటి ఉంచి మిగతా రెంటినీ పీకకండి, నేలమట్టానికి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

చోడిచేను
నేరేడు పళ్లు రాలడం మొదలైంది. రేపే ఏరిస్తా.